మేనకోడలిని అమెరికాకు దత్తత తీసుకోవడానికి కూడా ఇంత సుదీర్ఘ ప్రక్రియ అవసరమా?

డాలస్ నివాసి:
నేనూ నా భార్యా అమెరికా పౌరులం, మాకు సంతానం లేదు. గుంటూరు జిల్లాలో ఉన్న మా చెల్లెలూ ఆమె భర్తా తమ మూడో బిడ్డను, ఆరేళ్ల పాపను, మాకు ఇవ్వడానికి అంగీకరించారు. పెద్దల సమక్షంలో దత్తహోమం జరిపించి, సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో దత్తత పత్రం రిజిస్టరు చేయించాలనుకుంటే, అది చాలదనీ, హోం స్టడీ (దత్తత తీసుకునేవారి ఇంటి పరిస్థితులపై పరిశీలన నివేదిక), కలెక్టరు ఉత్తర్వు, ఢిల్లీలోని కారా (దత్తతలను పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) అనుమతి ఉండాలనీ చెబుతున్నారు. అనాథాశ్రమం నుంచి బిడ్డను తీసుకునేవారికి పెట్టిన నిబంధనలు మేనమామకు ఎందుకు వర్తించాలి?

గుంటూరు న్యాయవాది:
హిందూ దత్తత చట్టం ప్రకారం జరిగిన దత్తతకు మన దేశంలో విలువ ఉన్నా, బిడ్డ సరిహద్దు దాటే సందర్భంలో దేశాల మధ్య దత్తతలపై కుదిరిన 1993 నాటి హేగ్ అంతర్జాతీయ ఒప్పందం అడ్డు వస్తుంది. అది మనకు 2003 నుంచి, అమెరికాకు 2008 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం దత్తత చివర జరగాలి. మొదట మీరు అక్కడ హోం స్టడీ చేయించుకుని, ఐ-800ఏ అనే అమెరికా ఇమ్మిగ్రేషన్ దరఖాస్తుతో దత్తత తల్లిదండ్రులుగా అర్హత పొందాలి. ఇక్కడ జిల్లా బాలల పరిరక్షణ విభాగం వారు బిడ్డ కుటుంబ నేపథ్య నివేదిక తయారు చేస్తారు. ఆపై ఆ బిడ్డ కోసం వేసే ఐ-800 దరఖాస్తుకు అమెరికా తాత్కాలిక ఆమోదం ఇచ్చాకే జిల్లా మేజిస్ట్రేటు (కలెక్టరు) దత్తత ఉత్తర్వు, ఆపై కారా పత్రాలు, పాస్‌పోర్టు, వీసా వస్తాయి. 2022 సెప్టెంబరు వరకు ఆ ఉత్తర్వు కోర్టు ఇచ్చేది. ముందే హోమం చేసి పత్రం రాయించుకుంటే ఈ వరుస తలకిందులై, మీ దరఖాస్తే చిక్కులో పడుతుంది.

అసలు చిక్కు మరొకటి ఉంది. తల్లిదండ్రులిద్దరూ బతికి ఉన్న బిడ్డను తీసుకెళ్లాలంటే, వారు ఆ బిడ్డను సక్రమంగా పెంచలేని స్థితిలో ఉన్నారని అమెరికా చట్టం కింద రుజువు కావాలి. మీ చెల్లెలి కుటుంబం ఆ స్థితిలో ఉందా?

డాలస్ నివాసి:
వారికి లోటేమీ లేదు. ప్రేమతో ఇస్తున్నారు. ప్రేమను రుజువు చేయమంటే ఎలా?

హైదరాబాద్ శిశు సంక్షేమ కార్యకర్త:
మీ ప్రేమను నేను శంకించడం లేదు. కానీ ఈ నిబంధనలు ఎందుకు పుట్టాయో మన రాష్ట్రమే చెబుతుంది. 1990ల చివర నల్గొండ తదితర జిల్లాల తండాల నుంచి ఆడశిశువులను దళారులు కొద్దిపాటి డబ్బుకు కొని, తల్లి వేలిముద్రనే సమ్మతిగా చూపి, విదేశీ దత్తతకు పిల్లలను పంపే కొన్ని ఆశ్రమాలకు చేర్చారు. 2001లో నాటి ప్రభుత్వం కన్నవారు పిల్లలను వదులుకునే పద్ధతినే నిషేధించాల్సి వచ్చింది. కాగితం మీద సమ్మతి అప్పుడూ ఉంది.

మీ విషయం వేరని ఒప్పుకుంటూనే అడుగుతున్నాను: మూడో బిడ్డే ఎందుకు, అదీ ఆడపిల్లే ఎందుకు? అన్న పంపే డబ్బుతో ఇల్లు కట్టుకున్న చెల్లెలు, అత్తమామల ఎదుట కాదనగలదా? అందుకే అధికారి ఆమెతో ఏకాంతంగా మాట్లాడాలని, పాపకు అయిదేళ్లు దాటాయి కనుక ఆమె మాట కూడా విని రాసుకోవాలని నేను గట్టిగా కోరుతాను. అమ్మను విడిచి వెళ్లడమంటే ఏమిటో ఆరేళ్ల పిల్లకు తెలుసు.

న్యూజెర్సీ తల్లి:
ఈ పరిశీలన ఉండాల్సిందే. నా అభ్యంతరమంతా జాప్యం మీదే. ఒక కార్యాలయంలో ఫైలు ఆగితే మరో కార్యాలయం ఇచ్చిన పత్రానికి గడువు తీరిపోతుంది. మళ్లీ వేలిముద్రలు, మళ్లీ హోం స్టడీ. ఐ-800 దాఖలు చేసే నాటికి సాధారణంగా బిడ్డకు 16 ఏళ్లు నిండకూడదు కాబట్టి, పెద్ద పిల్లల విషయంలో ఈ ఆలస్యమే తిరస్కారం అవుతుంది. పరిశీలనకు గడువు విధించి, ఆలస్యానికి కారణం రాతపూర్వకంగా చెప్పే బాధ్యత అధికారులపై పెట్టాలి.

డాలస్ నివాసి:
చెల్లెలితో ఒంటరిగా మాట్లాడాలన్న ఆలోచన నాకు రాలేదు, ఇవాళే ఫోను చేస్తాను. ఈలోగా పాపను సందర్శకుల వీసాపై తీసుకొచ్చి బడిలో చేర్చవచ్చా?

గుంటూరు న్యాయవాది:
వద్దండి. అది వీసా ఉద్దేశానికి విరుద్ధం, తరువాతి దరఖాస్తుకు అదే ఆటంకం అవుతుంది. పత్రం రిజిస్టరు చేయించకముందే, కన్నవారిద్దరూ ఉన్న బిడ్డ విషయంలో మీ కేసు నిలుస్తుందో లేదో అక్కడి ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని అడగండి. నిలవదంటే పాప చదువు బాధ్యత అక్కడి నుంచే తీసుకోండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.