'మోర్ ఫాస్టర్' ఎందుకు తప్పు?

ప్రశ్న: మావాడు ఎనిమిదో తరగతి. 'మై సైకిల్ ఈజ్ మోర్ ఫాస్టర్ దేన్ రవి' అని రాస్తే టీచర్ 'మోర్' చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పంపారు. ఎందుకు తప్పని నన్నడిగాడు. నేను చదివింది తెలుగు మీడియం, ఇన్నేళ్లుగా నేనూ అలాగే మాట్లాడుతున్నా! ఎక్కడ ఈఆర్ పెట్టాలి, ఎక్కడ మోర్ పెట్టాలి, కాస్త చెప్పండి.

జవాబు: అమ్మా, ఇది మన తెలుగులోంచి వచ్చే తప్పు. మనం 'దీనికంటే అది పెద్దది' అంటాం. 'పెద్ద' అన్న మాట మారదు, పోలిక బరువంతా 'కంటే' మోస్తుంది. గట్టిగా చెప్పాలంటే 'ఇంకా పెద్దది' అంటాం. పిల్లలు ఆ 'ఇంకా'నే మోర్ చేసి బిగ్గర్ ముందు పెడతారు. ఫాస్టర్ అన్నాక ఎక్కువ అన్న అర్థం వచ్చేసినట్టే. పైన మోర్ వేస్తే కూరలో రెండోసారి ఉప్పు. 'ఇంకా' అనాలనిపిస్తే 'ఈవెన్ ఫాస్టర్', 'చాలా' అనాలనిపిస్తే 'మచ్ ఫాస్టర్' అనమనండి. 'వెరీ ఫాస్టర్' అనకూడదు.

ఏది ఎక్కడో పలికి చూస్తే తెలుస్తుంది. ఒక్క ఊపులో పలికే టాల్ లాంటి మాటలు టాలర్, టాలెస్ట్ అవుతాయి. బిగ్, హాట్‌లకు చివరి అక్షరం రెండుసార్లు రాయాలి. హ్యాపీ, ఈజీలలో వై పోయి ఐ వస్తుంది. బ్యూటిఫుల్ లాంటి పొడుగు మాటలకు మోర్, మోస్ట్. క్లెవర్, సింపుల్‌లకు రెండు పద్ధతులూ చెల్లుతాయి. గుడ్–బెటర్–బెస్ట్, బ్యాడ్–వర్స్–వర్స్ట్ మాత్రం బట్టీ పట్టాల్సిందే.

ప్రశ్న: మరి కేర్‌ఫుల్లీ, హ్యాపిలీ? వీటి చివరా వై ఉంది కదండీ.

జవాబు: అవి విశేషణానికి ఎల్‌వై తగిలిస్తే వచ్చిన మాటలు. వాటికి మోరే: మోర్ కేర్‌ఫుల్లీ, మోర్ హ్యాపిలీ. ఎర్లీ అలా పుట్టింది కాదు, అందుకే ఎర్లియర్. ఫాస్ట్, హార్డ్ క్రియకు ముడిపడినా మారవు, కాబట్టి ఫాస్టర్, హార్డరే. ఇక్కడ ఒక గుంట ఉంది. 'హి వర్క్డ్ హార్డ్' అంటే కష్టపడ్డాడని. 'హి హార్డ్లీ వర్క్డ్' అంటే దాదాపు పనే చేయలేదని!

ఇంకొకరు: పోటీ పరీక్షల్లో వచ్చేది ఇదీ చేరుస్తాను సార్. 'గోదావరి ఈజ్ ద లాంగెస్ట్ రివర్ ఇన్ సౌత్ ఇండియా' అన్నదాన్ని మార్చమంటే 'లాంగర్ దేన్ ఎనీ అదర్ రివర్ ఇన్ సౌత్ ఇండియా' అని రాయాలి. అదర్ మరిచిపోతే గోదావరి తనకంటే తానే పొడుగైపోతుంది. నాకు అక్కడే ఒక మార్కు పోయింది. సీనియర్, జూనియర్‌ల తర్వాత దేన్ రాదు, 'టు' వస్తుంది.

ప్రశ్న: థాంక్సండీ. మావాడు మోర్ కొట్టేసి 'మై సైకిల్ ఈజ్ మచ్ ఫాస్టర్ దేన్ రవి' అని దిద్దాడు. సరిపోయిందా?

జవాబు: ఇంకో తప్పు మిగిలిందమ్మా, టీచర్ గారూ వదిలేశారు. మీవాడు సైకిల్‌ని మనిషితో పోల్చాడు. రవి పరిగెత్తే వేగం కంటే తన సైకిల్ వేగం ఎక్కువన్నట్టుంది. తెలుగులో 'రవి దానికంటే' అంటాం కదా, ఆ 'దాని' అన్న ముక్క ఇంగ్లీషులోనూ కావాలి. రవి తర్వాత పైన కామాలా ఒక గుర్తు పెట్టి, ఎస్ చేర్చి 'దేన్ రవీస్' అని రాయమనండి. సైకిల్ అని మళ్లీ రాయక్కర్లేదు.