ఇంటర్వ్యూ కోసం ఇంగ్లీషు: కోర్సులో చేరాలా, ఇంట్లోనే సాధన చేయాలా?

ప్రశ్న (పత్తికొండ వాసి)

నేను పదో తరగతి వరకు పత్తికొండలో తెలుగు మాధ్యమంలో చదివి, తర్వాత కర్నూలులో బీకాం పూర్తి చేశాను. రెండేళ్లుగా ఒక ట్యాక్స్ కన్సల్టెంటు దగ్గర ట్యాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు రాస్తూ, జీఎస్టీ రిటర్నులు దాఖలు చేస్తున్నాను. ఇంగ్లీషు ఈమెయిలు చదివితే అర్థమవుతుంది, నిదానంగా జవాబు కూడా రాయగలను. మాట్లాడవలసి వస్తే మాత్రం నోరు పెగలదు. గత నెల బెంగళూరులో అకౌంట్స్ అసిస్టెంటు ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు, మొదటే 'వాక్ మీ త్రూ యువర్ రెజ్యూమే' అన్నారు. లేచి నడవమంటున్నారేమోనని కుర్చీలోంచి సగం లేచాను. ఆ తర్వాత అడిగినవన్నీ నేను రోజూ చేసే పనుల గురించే అయినా ఒక్కదానికీ సరిగ్గా చెప్పలేకపోయాను. కర్నూలులో మూడు నెలల స్పోకెన్ ఇంగ్లీషు కోర్సుకు రూ.12,000 అడుగుతున్నారు. అంత డబ్బు పెట్టి చేరడం మంచిదేనా? 24 ఏళ్లు వచ్చాక ఇక నాలుక తిరుగుతుందా అన్న సందేహం కూడా ఉంది.

జవాబు 1 (విశ్రాంత ఇంగ్లీషు అధ్యాపకుడు, కడప)

వయసు బెంగ పెట్టుకోకండి. 1798లో పుట్టిన ఇంగ్లీషు దొర సి.పి. బ్రౌన్ 1820లో ఉద్యోగం మీద మా కడపకు వచ్చి, పండితులను పక్కన కూర్చోబెట్టుకుని తెలుగు మీద పట్టు సాధించి, 1852 నాటికి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువునే అచ్చు వేయించారు. మీరు అంత దూరం పోనక్కరలేదు.

తెలుగు వాక్యాన్ని మనసులో కట్టుకుని మాటకు మాట మార్చుకుంటూ పోవడం వల్ల మనందరికీ కొన్ని తప్పులు ఒకే చోట దొర్లుతాయి. 'రెండేళ్ల నుంచి', '2022 నుంచి' అని తెలుగులో రెండు చోట్లా 'నుంచి'తోనే సరిపెట్టుకుంటాం కాబట్టి, ఇంగ్లీషులోనూ 'సిన్స్ టూ ఇయర్స్' అనేస్తాం. ఎప్పుడు మొదలైందో చెప్పేటప్పుడు 'సిన్స్', ఎంత కాలం గడిచిందో చెప్పేటప్పుడు 'ఫర్' రావాలి. అక్కడ క్రియ కూడా మారుతుంది: 'ఐ యామ్ వర్కింగ్' అనకుండా 'ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్' అనాలి. అనుభవం ఉందని చెప్పడానికి 'ఐ యామ్ హావింగ్' వద్దు, 'ఐ హావ్' చాలు. ఇక 'మైసెల్ఫ్ ఫలానా' అని పేరు చెప్పే అలవాటును ఈరోజే మానుకోండి.

మనది అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష కావడంతో బస్, టెస్ట్ కూడా మన నోట బస్సు, టెస్టు అవుతాయి. ఇంటర్వ్యూలో ఆ చివరి ఉకారాన్ని వదిలేస్తే ఎదుటివారికి మీ మాట తేలిగ్గా అందుతుంది. సీమ యాస ఉంటే ఉండనివ్వండి, దాన్ని దాచడానికి తంటాలు పడవద్దు.

జవాబు 2 (ధర్మవరం అక్క, ప్రస్తుతం బెంగళూరు)

తమ్ముడూ, 'వాక్ మీ త్రూ' అంటే మొదటి నుంచి చివరి వరకు వరుసగా వివరించమని అర్థం. నేను ఇప్పుడు బల్లకు అవతలి వైపు కూర్చుని ప్రశ్నలు వేస్తున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను: అకౌంట్స్ ఉద్యోగానికి మేము వినాలనుకునేది నీ పని గురించి. సరఫరాదారులు చూపిన బిల్లులతో తయారయ్యే జీఎస్టీఆర్-2బి పట్టికలో కనిపించే ఇన్‌పుట్ క్రెడిట్‌కూ (కొనుగోళ్ల మీద కట్టిన పన్నుకు వచ్చే సర్దుబాటు), నీ కొనుగోళ్ల పద్దుకూ తేడా వస్తే ఏం చేస్తావని అడుగుతాం. నెలనెలా రిటర్ను వేసే సరఫరాదారు 11వ తేదీలోపు జీఎస్టీఆర్-1 (తన అమ్మకాల రిటర్ను) దాఖలు చేయకపోతే, ఆ బిల్లు 14న తయారయ్యే 2బిలో కనబడదని నీకు తెలుసు. తెలిసిన ఆ విషయాన్నే 'ఫస్ట్, ఐ చెక్ ద ఇన్‌వాయిస్ నంబర్స్. దెన్ ఐ కాల్ ద సప్లయర్.' అని చిన్న చిన్న వాక్యాల్లో చెప్పగలిగితే నాకు చాలు.

రోజూ సాయంత్రం ఆనాడు చేసిన పనిని రెండు నిమిషాలపాటు ఇంగ్లీషులో చెప్పి ఫోనులో రికార్డు చేసుకో. మొదటి వారం నీ గొంతు నీకే వినబుద్ధి కాదు; అయినా విని, తడబడిన చోటే మళ్లీ చెప్పు. రెజ్యూమేలో తండ్రి పేరు, మతం, చివర 'ఐ హియర్‌బై డిక్లేర్' అనే ప్రమాణం తీసేసి, ఆ చోట నెలకు ఎంతమంది రిటర్నులు నువ్వే చూస్తున్నావో అంకెల్లో రాయి.

జవాబు 3 (కర్నూలు నుంచి)

అలాంటి కోర్సులో నేను చేరాను. ముప్పై మంది ఉన్న గదిలో మూడు నెలల్లో నేను నోరు తెరిచింది మొత్తం కలిపినా ఒక గంట ఉండదేమో గానీ, టెన్సుల పట్టికలతో మాత్రం నోటుబుక్కు నిండిపోయింది. అయితే అక్కడ పరిచయమైన ఒక మిత్రుడితో రోజూ సాయంత్రం కొండారెడ్డి బురుజు వైపు నడుస్తూ ఇంగ్లీషులోనే మాట్లాడుకోవడం అలవాటైంది, నాకు పనికొచ్చింది అదే. డబ్బు కట్టే ముందు ఒక డెమో తరగతిలో కూర్చుని, ఒక్కొక్కరి చేత ఎన్ని నిమిషాలు మాట్లాడిస్తున్నారో లెక్కపెట్టండి.

పత్తికొండ వాసి

అందరికీ కృతజ్ఞతలు. డెమో తరగతి చూశాకే డబ్బు సంగతి ఆలోచిస్తాను, రికార్డింగు మాత్రం ఈ రాత్రే మొదలుపెడతాను. అక్కా, ప్రశ్నే అర్థం కాకపోతే ఏమనాలి?

ధర్మవరం అక్క

'సారీ, కుడ్ యూ ప్లీజ్ సే దట్ అగెయిన్?' అని అడుగు. అలా అడిగినందుకు నేను ఇంతవరకు ఎవరికీ మార్కులు తగ్గించలేదు. అర్థం కాకుండానే తలూపినవారికి మాత్రం తగ్గించాను.