నాన్నకి దవడ పన్ను పీకారు, ఉమ్మితే ఎర్రగా వస్తోంది, ఏం చేయాలి?

మా నాన్నకి షుగర్ ఉంది, స్టెంట్ వేసినప్పటి నుంచి రోజూ ఆస్పిరిన్ వాడుతున్నారు. ఈరోజు మధ్యాహ్నం కింది దవడ పన్ను పీకారు. దూది తీసేసిన దగ్గర్నుంచి మాటిమాటికీ వాష్‌బేసిన్ దగ్గరికెళ్లి ఉమ్మేస్తున్నారు, ఎర్రగానే వస్తోంది. అమ్మేమో ఉప్పునీళ్లు పుక్కిలించమంటోంది. ఖైనీ అలవాటు కూడా ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది, రేపటి ఆస్పిరిన్ ఆపేయాలా?

జవాబు 1: నేను డెంటిస్ట్‌ని. ఆస్పిరిన్ మీ అంతట మీరు ఆపొద్దు, స్టెంట్ ఉన్నవాళ్లకి అది ప్రమాదం. ముందు ఆ ఉమ్మడం ఆపించండి. పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకడితేనే లోపలి ఎముకకి రక్షణ, గట్టిగా ఉమ్మినా, పుక్కిలించినా, స్ట్రాతో తాగినా ఆ గడ్డ ఊడొస్తుంది. లాలాజలంలో కొంచెం రక్తం కలిసినా నోరంతా ఎర్రగా కనిపిస్తుంది కాబట్టి కంగారు పడకండి. శుభ్రమైన గాజుగుడ్డ తడిపి మడతపెట్టి, సరిగ్గా ఆ గుంట మీద ఉంచి అరగంట గట్టిగా కొరికి పట్టుకోమనండి, మధ్యలో తీసి చూడొద్దు. అయినా ధారగా వస్తుంటే రాత్రైనా సరే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఉప్పునీళ్లు రేపు మధ్యాహ్నం తర్వాతే, అదీ గోరువెచ్చగా, నోట్లో పోసుకుని మెల్లగా తల అటూ ఇటూ వంచి వదిలేయడమే. నొప్పికి పారాసెటమాల్ చాలు, డాక్టర్‌ని అడక్కుండా బ్రూఫెన్ లాంటివి వద్దు.

జవాబు 2: షుగర్ కదా, మందులు వేసుకుని నొప్పని అన్నం మానేస్తే షుగర్ పడిపోవచ్చు. తిమ్మిరి పోయాక చల్లారిన రాగిజావ, మెత్తగా పిసికిన పెరుగన్నం పెట్టండి, రెండోవైపు నమలమనండి. మా బావకి పీకిన రోజు బాగానే ఉంది, సిగరెట్లు మానలేదు, మూడో రోజుకి చెవిదాకా లాగేసే నొప్పి, నోరు ఒకటే కంపు. డ్రై సాకెట్ అన్నారు, అంటే గుంటలో రక్తం గడ్డ ఊడిపోయి ఎముక బయటపడటం. గుంట కడిగి మందు పెట్టాకగానీ ఆయనకి నిద్ర పట్టలేదు.

అడిగినవారు: గుడ్డ పెట్టాక బాగా తగ్గిందండీ, చాలా థ్యాంక్స్. వాపు వస్తే భయపడాలా? ఖైనీ ఎన్నాళ్లు ఆపాలి?

జవాబు 1: రెండు మూడు రోజులు వాపు మామూలే. ఈరోజుకి బుగ్గ మీద బయటి నుంచి ఐస్ పెట్టండి. మూడు రోజులు దాటాక కూడా పెరుగుతున్నా, జ్వరం, చీము ఉన్నా చూపించండి. మింగడం, ఊపిరి కష్టమైనా, దవడ కింద గట్టిపడినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఖైనీ కనీసం వారం ముట్టకూడదు. ఆ డబ్బా ఇప్పుడే మీ దగ్గర పెట్టేసుకోండి.