బండి బాట తగాదాకు చెరువు పేరుతో పిల్ వేయవచ్చా?

ప్రశ్న (నరసన్నపేట రైతు):
మా తాతగారి కాలం నుంచి పొరుగు రైతు పొలం అంచున మా బండి బాట ఉంది. పోయిన వేసవిలో ఆయన చెరువు గర్భంలోకి కంకర తోలి మడి పెంచుకున్నారు; మిగిలిన కంకరను మా బాట మీదే గుట్టగా పోశారు. పెద్దమనుషులు చెప్పినా వినలేదు. దారి ఊసెత్తకుండా చెరువు ఆక్రమణ అంటూ హైకోర్టులో పిల్ (ప్రజా ప్రయోజన వ్యాజ్యం) వేస్తే రెండూ ఒకేసారి తేలిపోతాయని తెలిసిన గుమస్తా ఒకరు సలహా ఇచ్చారు. నిజం చెప్పాలంటే, బాట మూయకపోయి ఉంటే నేను చెరువు వైపు చూసేవాణ్ణి కాదు. ఇది సబబేనా?

జవాబు 1 (న్యాయవాది, శ్రీకాకుళం):
అయ్యా, మీ చివరి మాటే అవతలి వకీలు కోర్టులో మొదటి మాటగా చెబుతారు. బొకారో నదిలోకి బొగ్గు శుద్ధి కర్మాగారాల మురుగు వదులుతున్నారని సుభాష్ కుమార్ అనే ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆయన ఆ బొగ్గు బురదనే ఏళ్ల తరబడి కొంటున్నారనీ, ఇంకా ఎక్కువ కావాలని అడిగితే ఇవ్వనందుకే కేసు వేశారనీ తేలడంతో, 1991లో పిటిషన్‌ను కొట్టివేసి రూ. 5,000 ఖర్చులు కట్టమన్నారు. కాలుష్యం లేని నీరు రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది కూడా ఆ తీర్పే. హక్కు నిలిచింది, అడిగినవారు మాత్రం ఓడిపోయారు. పిల్ వెనుక సొంత లాభం, దురుద్దేశం లేవని కోర్టులు ముందే చూసుకోవాలని 2010లో బల్వంత్ సింగ్ చౌఫాల్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది.

మీ దారికి జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా వేసి, తాత్కాలిక ఉత్తర్వు అడగండి. ప్రైవేటు భూమి మీద ఇరవై ఏళ్లు అడ్డంకి లేకుండా, హక్కుగా, బహిరంగంగా నడిచిన బాటకు 1882 నాటి ఈజ్‌మెంట్స్ (పరాయి భూమి మీద దారి వంటి హక్కుల) చట్టం రక్షణ ఇస్తుంది. అయితే బాట మూసిన రెండేళ్లలోపే దావా పడాలి. పిల్ చుట్టూ తిరుగుతూ ఆ గడువు పోగొట్టుకోవద్దు.

జవాబు 2 (విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి, రాజాం):
చెరువు సంగతికి ముందు తహశీల్దారుకు అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద ఏడో సెక్షన్ నోటీసు, ఆరో సెక్షన్ తొలగింపు ఆయన చేతిలోని పనులే. ఎఫ్‌ఎంబీ పటం (పొలం కొలతల సర్వే పటం) నకలు తీసి, సర్వే రాయి ఎక్కడుందో చూడకుండా ఆక్రమణ అని రాస్తే ఏ కాగితమూ నిలవదు. అర్జీలో మీ బాట గురించి ఒక్క ముక్క కూడా రాయకండి.

జవాబు 3 (విజయనగరం):
రెండో జవాబులోని చివరి మాట ఒక్కటి ఒప్పుకోలేను. దాచడమే అసలు తప్పు. బాట తగాదా ఉందని రాసేయడమే మేలు. ఊరి చెరువును పట్టించుకునేది చాలాసార్లు దెబ్బ తగిలినవారే, అంతమాత్రాన చెరువు ఆక్రమణ అబద్ధమైపోదు. గ్రామ చెరువులను, ఉమ్మడి భూములను కాపాడాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. అధికారులు కదలకపోతే అప్పుడు ఆయకట్టు రైతులందరూ కలిసి హైకోర్టుకు వెళ్లవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
పిటిషన్‌కు జత చేద్దామని తీసిన ఫోటో మళ్లీ చూశాను. అందులో చెరువు ఒక మూలకు పోయింది. ముందంతా కంకర గుట్ట, దాని వెనక ఆగిపోయిన మా వరి బండి. దావాకు ఆ ఫోటో ఉంచుకుంటాను. అర్జీ విడిగా రాస్తాను, దావా సంగతి అందులో చెబుతాను.