మామయ్య పేరిట స్కాలర్‌షిప్: అర్హత ఎలా రాయాలి, ఎవరు ఎంపిక చేయాలి?

ప్రెస్సు మేనకోడలు:
మా చిన్న మామయ్య పోయి ఏడాది కావస్తోంది. ఆయనకు పుట్టుకతోనే వినికిడి లేదు. ప్రెస్సులో కంపోజిటర్, అంటే అచ్చుకు అక్షరాలు పేర్చే పని. సీసపు అక్షరాలు తిరగబడి ఉంటాయి కదా, ఆయన వాటిని మనం పేపరు చదివినంత సులువుగా చదివేవారు. దీర్ఘం పడాల్సిన చోట హ్రస్వం పడితే ఆయన గోరు సరిగ్గా అక్కడే ఆగేది. కంప్యూటర్లు వచ్చాక ప్రూఫులు దిద్దే పనిలోకి మారారు.

ఆయన దాచిన డబ్బుకు మేమూ కొంత కలిపి, వినబడని విద్యార్థులకు ఒక స్కాలర్‌షిప్ పెడుతున్నాం. డబ్బు దగ్గర పేచీ లేదు, ప్రకటన దగ్గరే వచ్చింది. ‘వైకల్యాన్ని జయించిన మహనీయుడి స్మారకార్థం’ అని అన్నయ్య రాశాడు. మామయ్య దేన్నీ జయించలేదు. డిగ్రీలో చేరారు, తరగతిలో పాఠం అందక మధ్యలో మానేశారు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. మంచి మార్కులు వచ్చినవారికే ఇవ్వాలని అన్నయ్య పట్టు. ఆ లెక్కన మామయ్యకే వచ్చేది కాదని నా వాదన.

అనుభవం ఉన్నవారు చెప్పండి. ‘మంచి పని చేస్తున్నారు’ అని ఒక్క మాటతో సరిపెట్టకండి, దయచేసి.

సైగలవాడు:
నాకూ వినబడదు. ఇలాంటి సాయంతోనే చదువుకున్నాను కాబట్టి రాస్తున్నాను.

పెదవులు చూసి అర్థం చేసుకోవచ్చు కదా అంటారు. గొంతు పెగల్చకుండా అద్దం ముందు పాట, బాట, మాట అని చూడమనండి మీ అన్నయ్యను. మూడూ ఒకేలా కనబడతాయి. మాస్టారు బోర్డు వైపు తిరిగితే ఆ కాస్తా పోతుంది. సైగభాషా అనువాదకులు ఉన్నా ఇంకో చిక్కు: కళ్ళు వారి చేతుల మీద ఉండాలి, తల దించి నోట్సు రాసుకునే వీలుండదు. రాసిపెట్టే మనిషి వేరే కావాలి. అందుకని ‘ఫీజుకు మాత్రమే’ అని రాయకండి. ఫీజు మాఫీ చేసే కాలేజీలు కూడా ఈ ఖర్చు దగ్గరికి వచ్చేసరికి ముఖం చాటేస్తాయి.

ఇక దరఖాస్తు. ఫోనులో ఇంటర్వ్యూ పెట్టకండి, నవ్వకండి, నన్ను ఒకసారి అలాగే పిలిచారు. సైగభాషే మాతృభాష అయినవారికి రాసే భాష రెండోది. వ్యాసం బదులు సైగల్లో వీడియో పంపినా తీసుకోండి. ‘మీ లోపాన్ని ఎలా అధిగమించారు?’ అనే ప్రశ్న మాత్రం వద్దు, ఏం చదవాలనుకుంటున్నారో అడగండి.

ఎంపిక సంఘంలో వినబడనివారు ఒకరైనా ఉండాలి. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల చదువు మీద జరిగిన అంతర్జాతీయ సదస్సు, వారి బడుల్లో సైగల కంటే నోటిమాటే మేలని తీర్మానించింది. ఓటు వేసినవారు దాదాపు అందరూ వినగలిగినవారే. ఆ తీర్మానాలను తోసిపుచ్చడానికి 2010లో కెనడాలోని వాంకూవర్‌లో అదే సదస్సు మళ్ళీ జరిగేదాకా పట్టింది.

జమాఖర్చు:
డబ్బు సంగతి నేను చెబుతాను. అసలు సొమ్మును ముట్టుకోకండి. రాబడి కూడా మొత్తం పంచేయకండి, ఏటా కొంత అసలులో కలపండి. లేదంటే ధరలు పెరిగి, కొన్నేళ్ళకు ఆ సొమ్ము పుస్తకాలకు కూడా చాలదు.

ఏటా కొత్తవారికి ఇస్తే పేపర్లో పేర్లు ఎక్కువ పడతాయి, అంతే. ఒక్కరికి ఇచ్చినా కోర్సు పూర్తయ్యేదాకా ఇవ్వండి. మీ మామయ్య మానేసింది మధ్యలోనే కదా! కాలేజీ ద్వారా ఇస్తే ఒప్పందం కాగితం మీద ఉండాలి. అర్హులు దొరకని ఏడాది ఏం చేయాలో, ఆ కోర్సే ఎత్తేస్తే డబ్బు ఎటు పోవాలో అందులోనే రాయించండి.

మూడో బెంచీ:
అన్నయ్యగారి మాటలోనూ కొంత న్యాయం ఉంది. ఏ షరతూ లేకపోతే అడిగేవారు కోకొల్లలు. చేరేటప్పుడు మార్కులు చూడకండి, ఏటా పాసైతే కొనసాగుతుందని పెట్టండి. అన్నట్టు, చెక్కు అందుకుంటున్న ఫొటో తప్పనిసరి చేయకండి.

ప్రెస్సు మేనకోడలు:
అన్నయ్యకు ఇదంతా చదివి వినిపించాను. అనువాదకుల ఖర్చుకు ఒప్పుకున్నాడు. ‘పాసైతే చాలు’ అన్నదానికి ఇంకా మూతి ముడుచుకునే ఉన్నాడు. ప్రకటనలో ‘మహనీయుడు’ తీసేసి ‘కంపోజిటర్, ప్రూఫ్‌రీడర్’ అని పెట్టాం. అంతర్జాతీయ సైగభాషల దినోత్సవం సెప్టెంబర్ 23న విడుదల చేద్దామని ఉంది, ప్రవేశాల గడువు దాటిపోతుందంటే అంతకంటే ముందే విడుదల చేస్తాం.

సైగలవాడుగారూ, ఫారం ముసాయిదా పంపితే చూసిపెడతారా? వీడియో ఎలా ఉండాలని రాయమంటారు?

సైగలవాడు:
పంపండి. ఐదు నిమిషాలకు మించవద్దని రాయండి. వెనక గోడ సాదాగా, మంచి వెలుతురు. చేతులతో పాటు ముఖం కూడా పూర్తిగా కనబడాలి. కనుబొమలు ఎగరేస్తే ప్రశ్న, ఎగరేయకపోతే మామూలు వాక్యం. ముఖం చీకట్లో పడితే మీ సంఘానికి సగం అర్థం కాదు.