అప్‌డేట్: ఉద్యోగం చేస్తూ నవల రాయడం, సగంలో ఆగింది పూర్తయింది

ఇల్లు తిరుపతిలో, ఉద్యోగం చిత్తూరులో. రాత్రి రాయడానికి కూర్చుంటే ఒక్క వాక్యం కూడా రావడం లేదని ఇదివరకు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. తొలి చిత్తుప్రతి పూర్తయింది.

నాకు పనిచేసింది ఒకటే: సన్నివేశం అయిపోయాక కాదు, మంచి పట్టులో ఉండగానే ఆపేయమన్న సలహా. మామిడి సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీ గేటు బయట తోతాపురి లోడుతో ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి కదా, అక్కడి రైతు గురించి రాస్తున్నాను. ‘టోకెన్ పిలిచారు. ఆయన ట్రాక్టర్ కింద నుంచి లేవలేదు’ అన్న చోట ఆపేశాను. ఎందుకు లేవలేదన్న ఆలోచన మర్నాడంతా వదల్లేదు. సాయంత్రం బస్సు పూతలపట్టు దాటేలోపే జవాబు దొరికింది, చంద్రగిరి వచ్చేసరికి ఫోన్‌లో వాయిస్ టైపింగ్‌తో సగం సన్నివేశం చెప్పేశాను. రాత్రి బల్ల దగ్గర కూర్చునేసరికి ఖాళీ పేజీ అనే టెన్షన్ లేదు.

తెల్లవారుజామున లేవడం నాకు కుదరలేదు, ఆఫీసులో నిద్ర ముంచుకొచ్చేది. రోజుకిన్ని పదాలన్న లెక్క, కొత్త ల్యాప్‌టాప్, వీటికీ నా సమస్యకీ సంబంధమే లేదని తేలింది.

వాయిస్ టైపింగ్ వాడేవాళ్లకు ఒక మాట: మన చిత్తూరు యాసను అది తప్పుగా రాస్తుంది. అప్పటికప్పుడు దిద్దకండి, ఊపు పోతుంది. నేను ఆదివారం కూర్చుని సరిచేసుకుంటున్నాను.