బానిస వ్యాపారంలో వాటాలున్న లాక్ మాటను హక్కులకు పునాది అనవచ్చా?

డిగ్రీ విద్యార్థి:
మాకు రాజనీతిశాస్త్రంలో పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు తత్త్వవేత్త జాన్ లాక్ పాఠం ఉంది. మనుషులు పుట్టుకతోనే స్వేచ్ఛ గలవారు, సమానులు. ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి మీద హక్కు ఏ రాజూ దయతో ఇచ్చింది కాదు. వాటిని కాపాడుకోవడానికే జనం తమ సమ్మతితో ప్రభుత్వాన్ని పెట్టుకున్నారు, అది కాపాడకపోగా కాజేస్తే దించేయవచ్చు. పరీక్షకు ఇంతవరకు చాలు. కానీ ఆ లాక్ రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో 600 పౌండ్లు పెట్టాడని నిన్న చదివాను. ఆఫ్రికా నుంచి మనుషులను ఓడల్లో తెచ్చి అమ్మిన కంపెనీ అది. ఆ తర్వాత పాఠం ముందుకు సాగలేదు. ఇటువంటి మనిషి మాటను హక్కులకు పునాది అని ఎలా రాయను?

న్యాయశాస్త్రం:
మీ బాధ అర్థమవుతోంది. కానీ మనిషిని, వాదాన్ని విడివిడిగా తూచండి. 1669లో అమెరికాలోని కరోలినా వలసకు రాజ్యాంగం రాసినప్పుడు లాక్ ఆ వలస యజమానుల దగ్గర కార్యదర్శి. కొలువు ఆ యజమానుల్లో ఒకడైన షాఫ్ట్స్‌బరీ ప్రభువు నీడన. మీరు చదివే సిద్ధాంతం ఉన్న పుస్తకం, ప్రభుత్వం మీద ఆయన రాసిన 'రెండు గ్రంథాలు', అచ్చయింది ఇరవై ఏళ్ల తర్వాత, 1689 చివర్లో, అదీ పేరు లేకుండా. అది తనదేనని 1704లో చనిపోయే ముందు రాసిన వీలునామాలో గానీ ఒప్పుకోలేదు. రాజు తండ్రివంటివాడు, ప్రజలు పుట్టుకతోనే అతనికి లోబడినవారు అని రాబర్ట్ ఫిల్మర్ అనే రచయిత వాదిస్తే, దాన్ని ఖండిస్తూ ఆ పుస్తకం మొదటి వాక్యంలోనే బానిసత్వం ఎంత నీచమైన స్థితో చెప్పాడు. ఆ మాటలకు విలువ లేదంటారా?

పాతప్రతి:
కొలువులో ఉన్నాడు కాబట్టి తప్పు లేదనడం నాకు మింగుడు పడదు. కరోలినా రాజ్యాంగం 110వ అధికరణ ఏమంటుందో చూడండి: స్వతంత్రుడైన ప్రతి కరోలినా పౌరుడికీ తన నల్లజాతి బానిసల మీద సంపూర్ణాధికారం ఉంటుంది, ఆ బానిసలు ఏ మతం పుచ్చుకున్నా సరే. క్రైస్తవం పుచ్చుకుంటే విడుదల దొరుకుతుందేమో అన్న చివరి ఆశను కూడా మూసేసిన వాక్యం అది. ఆ కాగితం తయారైన గదిలో లాక్ ఉన్నాడు. 1696లో వలసల వ్యవహారాలు చూసే వాణిజ్య మండలిలో సభ్యుడయ్యాడు కూడా. ఆ వ్యాపారం సంగతి తెలియనివాడు కాడు.

అయితే విద్యార్థి గారూ, పుస్తకం మూయకండి, రెండో గ్రంథం నాలుగో అధ్యాయం తీయండి. అక్కడ ఆయన బానిసత్వానికి ఒక్క దారే వదిలాడు. అన్యాయంగా యుద్ధానికి దిగి ఓడినవాడి ప్రాణం గెలిచినవాడి చేతిలో ఉంటుంది కాబట్టి, చంపే బదులు పని చేయించుకోవచ్చట. ఈ వాదమే నాకు ఒంటికి పట్టదు. అది అలా ఉంచి పదహారో అధ్యాయానికి రండి. గెలిచినవాడి అధికారం ఓడినవాడి వరకే, అతని పిల్లల మీద ఉండదు అని అక్కడ స్పష్టంగా రాశాడు. తండ్రి తప్పుకు బిడ్డ బాధ్యుడు కాడు.

ఇప్పుడు కరోలినా పొలాలను తలుచుకోండి. తల్లి బానిస కాబట్టి బిడ్డ బానిస. ఆ పసివాడు ఏ యుద్ధానికి దిగాడు? లాక్ సొంత లెక్క ప్రకారమే ఆ తోటల్లో పుట్టిన ప్రతి బిడ్డా స్వతంత్రుడు. సిద్ధాంతం ఆయనకు సాకు ఇవ్వడం లేదు, ఆయన మీదే సాక్ష్యం చెబుతోంది. అందుకే మనిషిని క్షమించను, వాదాన్ని వదులుకోను.

పొలంగట్టు:
వాదం కూడా అంత శుభ్రంగా లేదు. ఐదో అధ్యాయం చూడండి. ఎవరి శ్రమ కలిస్తే నేల వారిది అంటాడు. వినడానికి బాగుంది. వెంటనే, నా గుర్రం మేసిన గడ్డి, నా పనివాడు కోసిన పచ్చిక, నేను తవ్విన ఖనిజం నావి అంటాడు. పచ్చిక కోసింది పనివాడైతే అది యజమానిది ఎలా అయింది? మా నాన్న ముప్పై ఏళ్లు కౌలుకు సాగు చేశారు. ఆ వాక్యం చదివినప్పుడు ఆయన అరచేతులే గుర్తొచ్చాయి. ఆ అధ్యాయంలోనే అమెరికా నేలను దున్నని బంజరుగా చూపించాడు. అక్కడ తరతరాలుగా బతుకుతున్న ఆదిమ ప్రజల నుంచి భూమి లాక్కోవడానికి వలసవాదులకు అంతకంటే అనువైన మాట దొరకలేదు. ఇది కొలువు కోసం రాసింది కాదు, సొంత పుస్తకం.

పాతప్రతి:
దీనికి నా దగ్గర జవాబు లేదు. మీరన్నది నిజం.

కృష్ణాతీరం:
ఇంతసేపూ లాక్ గురించే మాట్లాడుకున్నాం. ఆ మాటలు ఎవరి చెవిన పడ్డాయో కూడా చూద్దాం.

అమెరికాలోని మసాచుసెట్స్‌లో షెఫీల్డ్ అనే ఊరు. 1773లో జాన్ ఆష్లీ అనే ధనికుడి ఇంట్లో ఊరి పెద్దలు కూర్చుని బ్రిటన్ పెత్తనాన్ని నిరసిస్తూ తీర్మానాలు రాశారు. ప్రకృతి స్థితిలో మనుషులు సమానులు, స్వతంత్రులు, తమ ప్రాణాన్ని, స్వేచ్ఛను, ఆస్తిని నిరాటంకంగా అనుభవించే హక్కు గలవారు అన్నది అందులోని మొదటి మాట. అచ్చంగా లాక్ బాణీ. ఆ ఇంట్లోనే బెట్ అనే స్త్రీ బానిస. చదువు రాదు. ఒకరోజు యజమానురాలు కాలుతున్న పొయ్యి పార ఎత్తి ఇంకో పిల్లను కొట్టబోతే, బెట్ అడ్డం వెళ్లి దెబ్బ తన చేతి మీద కాచుకుంది. మచ్చ మిగిలిపోయింది. దాన్ని ఆమె ఎన్నడూ దాచుకోలేదని ఆమె పెంచిన కేథరిన్ సెడ్జ్‌విక్ తర్వాత రాసింది.

1780లో వచ్చిన మసాచుసెట్స్ రాజ్యాంగం మొదటి అధికరణలో, మనుషులందరూ పుట్టుకతో స్వేచ్ఛ గలవారు, సమానులు అని ఉంది. ఆ మాట విన్న బెట్, కేథరిన్ తండ్రి థియోడర్ సెడ్జ్‌విక్ అనే న్యాయవాది దగ్గరకు వెళ్లింది. 1773 తీర్మానాలు రాసిన సంఘంలో ఆయనా ఒకడు. ఆ ఇంట్లోనే ఉన్న బ్రామ్ అనే మరో బానిసతో కలిసి ఆమె ఆష్లీ మీద దావా వేసింది. 1781 ఆగస్టులో జ్యూరీ ఇద్దరూ స్వతంత్రులని తేల్చి, ఆష్లీ 30 షిల్లింగులు నష్టపరిహారం కట్టాలంది. ఆమె ఎలిజబెత్ ఫ్రీమన్ అని పేరు పెట్టుకుంది.

న్యాయశాస్త్రం:
గొప్ప ఉదాహరణ. చిన్న సవరణ మాత్రం. ఆమెను గెలిపించింది లాక్ కాదు, రాజ్యాంగం. తత్త్వవేత్త పుస్తకం మీద ఏ కోర్టూ తీర్పు ఇవ్వదు. అధికరణగా మారాకే ఆ మాటకు బలం వచ్చింది.

కృష్ణాతీరం:
అధికరణ అక్కడ ఉన్న అందరికీ ఉంది కదా! అందులోని 'అందరూ' అన్న మాటలో తానూ ఉన్నానని అడగడానికి ఆమె కోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చింది. 1773లోనే అటువంటి మాట రాసిన ఊరి పెద్దలకు ఎనిమిదేళ్లపాటు, అదే ఇంట్లో వారికి వడ్డిస్తున్నా, ఆమె అందులో కనిపించలేదు.

డిగ్రీ విద్యార్థి:
పదహారో అధ్యాయంలో పిల్లల గురించిన భాగం ఇప్పుడే చదివాను. పాఠంలో ఇది లేదు. నా జవాబులో 110వ అధికరణను, ఈ భాగాన్ని పక్కపక్కన రాస్తాను. మార్కులు తగ్గినా సరే.

పొలంగట్టు:
ఒక్క అనుమానం. విడుదలయ్యాక ఆమె ఏం చేసి బతికింది? మళ్లీ ఎవరో ఒకరి పచ్చికేనా కోసింది?

కృష్ణాతీరం:
సెడ్జ్‌విక్ ఇంట్లో జీతానికి పనిచేసింది. ఆష్లీ తిరిగి రమ్మని, జీతం ఇస్తానని అడిగినా వెళ్లలేదు. కూడబెట్టిన డబ్బుతో స్టాక్‌బ్రిడ్జ్‌లో సొంత ఇల్లు కొనుక్కుంది. 1829లో చనిపోయింది.